ఆంటీ వస్తానన్న ఆదివారం

సాయంత్రం నీళ్ల ట్యాంకర్ వస్తుందన్న మెసేజ్ కిందే ఆ వార్త వచ్చింది. మణికొండలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అన్నీ అలాగే వస్తాయి. ఎదురు ఫ్లాట్ ఆంటీ ల్యాబ్‌లో గుండెనొప్పితో కూలబడ్డారని, ఆసుపత్రికి చేర్చేలోపే పోయారని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. అంతకంటే ఏం పెట్టినా అమ్మ ఎందుకని అడుగుతుంది.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. లేజర్లతో మాలిక్యూల్స్‌ని నెమ్మదించేలా చేసి, తను కోరిన స్థితిలో నిలబెట్టడం ఆమె పని. మా ఫ్లోర్‌లో సగం మంది ఆమెను కళ్ల డాక్టర్ అనుకునేవాళ్లు. ఆమె కాదనేవారు కాదు. "లేజర్ అంటే మందికి కండ్లే యాదికొస్తయి, ఏం జేస్తం" అని నవ్వేవారు.

ఉదయం బయల్దేరేముందు గుమ్మం దగ్గరే ఉంగరం, వాచీ, గాజులు తీసి ఒక స్టీలు గిన్నెలో వేసేవారు. వాళ్ల అత్తగారు రోజూ అడ్డం పడేది.

"బోసి చేతులతోని పోతవేందే? నలుగురు ఏమనుకుంటరు?"

"ఆ నలుగురి కండ్లు కాపాడనీకే అత్తమ్మా. లేజర్ గాజు మీద పడితే ఎటు మళ్లుతదో ఎవరికెరుక?"

"అన్నిటికీ ఓ మాట చెప్తవు."

"చెప్పకుంటే మీరు ఊకుంటరా?"

ఫిజిక్స్ డౌట్లని చెప్పి నేను వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టాను. డౌట్లు లేనప్పుడు కూడా వెళ్లేదాన్ని. ఇంటర్ పరీక్షలు అయ్యాక, ఇంజనీరింగ్ సీట్లు ఇస్తున్న రోజుల్లో ఒకసారి, ఇంట్లో ఫ్రెండ్ దగ్గరికని చెప్పి, ఆంటీకేమో అమ్మకు చెప్పానని చెప్పి, ఆమె స్కూటీ వెనక కూర్చుని ల్యాబ్‌కు వెళ్లాను.

నల్ల పరదాలు. మంచమంత స్టీలు బల్ల, దాని నిండా చిన్నచిన్న అద్దాలు. నా కళ్లకు పెద్ద కళ్లజోడు తగిలించి, ఒక అద్దం వెనకున్న స్క్రూ మీద నా వేలు పెట్టించారు.

"తిప్పకు బిడ్డా. తిప్పుదామని అనుకో, సాలు."

అనుకున్నాను. కంప్యూటర్ తెర మీద కనిపిస్తున్న వెలుగు చుక్క మాయమైపోయింది.

"గంత గట్టిగ అనుకుంటరా?" అన్నారు ఆంటీ. దాన్ని మళ్లీ దారిలోకి తేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంట్లో గ్లాసు పగిలినా వణికిపోయే నాకు అది వింతగా అనిపించింది.

"ఎదురొచ్చే మాలిక్యూల్‌ను కాంతితోని మెల్లగ తోస్తం. తోసినకొద్దీ నిదానమైతది" అని చెప్పారు.

"ఆటమ్స్‌తో చేస్తే తేలిక కదా ఆంటీ?"

"ఆటమ్ ఒంటిమనిషి, చెప్తే ఇంటది. మాలిక్యూల్ అంటే సంసారం. ఊగుతది, తిరుగుతది, ఓ తాన నిలవదు. నడుమల ఇంకో శక్తి మెట్టు మీదికి జారిందనుకో, ఇగ మా లేజర్‌కు కనబడదు."

"పోయినట్టేనా?"

"యాడికి పోతది? ఆడ్నే ఉంటది. దానికి సరిపోయే ఇంకో రంగు ఏసి మళ్ల పిలుచుకోవాలె."

ఆ రోజు ఏ రంగు వేసినా ఏదీ నిలవలేదు. ఆంటీ ఒక్కొక్క లేజర్‌నీ ఆపేస్తూ "ఇయ్యాల కాలే" అన్నారు. అంత మామూలుగా ఓడిపోయేవాళ్లను నేను మా కోచింగ్‌లో ఎక్కడా చూడలేదు.

తిరిగొస్తుంటే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ముఖాలు కనిపించవు కాబట్టి, ఆమె వీపుకు చెప్పాను. నాకు కంప్యూటర్స్ వద్దని, ఫిజిక్స్ చదవాలని ఉందని. ఇంకెవరికీ చెప్పని మాట అది.

"మీ నాయనకు చెప్పినవా?"

"భయం ఆంటీ."

"కొడ్తడా?"

"తిట్టను కూడా తిట్టరు. సరే నీ ఇష్టం అంటారు. తర్వాత మాట్లాడరు. వాళ్ల ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. నేను కంప్యూటర్స్‌లో స్థిరపడితే చాలంటున్నారు."

పచ్చ సిగ్నల్ పడింది. బండి కదిలాక ఆమె గట్టిగా అన్నారు: "ఆదివారం మీ ఇంటికొస్త. నేను మాట్లాడ్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ ఆదివారం రాకముందే గురువారం ఆమెను హాల్లో పడుకోబెట్టారు. అత్తగారు పక్కన కూర్చుని, బిగుసుకుపోయిన ఆ చేతులకు ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తోంది. "ఇయ్యాలన్న ఏసుకో తల్లీ. ఇగ డ్యూటీ లేదు గదా" అంటోంది. ఒక గాజు అత్తగారి చేతుల్లోనే విరిగింది. నేను గోడకు ఆనుకుని, ఏడుపు మరీ ఎక్కువ కాకుండా చూసుకున్నాను. డౌట్లు చెప్పినావిడ కోసం ఎంత ఏడవాలో అంతే ఏడ్చాను.

ఆదివారం నాన్న టీ తాగుతూ అన్నారు: "పాపం, ఎదురింటావిడ ఇవాళ వస్తానన్నారు. మొన్న లిఫ్టులో చెప్పారు, ఏదో మాట్లాడాలని."

"అసోసియేషన్ గొడవ అయ్యుంటుందిలెండి" అంది అమ్మ.

"కాదు, 'మీ అమ్మాయి గురించి' అన్నారు." నాన్న నా వైపు తిరిగారు. "నీకేమైనా తెలుసా అమ్మలూ?"

కప్పు కింద పెట్టి మరీ చూశారు. తొందర పెట్టలేదు. నేను ఏదన్నా చెబితే వినేలాగే ఉన్నారు. అది చూసే నాకు ఇంకా భయమేసింది.

"తెలీదు నాన్నా."

"బాగా చదువుతావని మెచ్చుకోవడానికై ఉంటుంది" అన్నారు. ఫోన్ తీసుకున్నారు. "సీటు ఒప్పుకోవడానికి రేపే ఆఖరు. కంప్యూటర్స్ కన్ఫర్మ్ చేసేస్తున్నా." బొటనవేలితో నొక్కి, నవ్వుతూ ఫోన్ నా వైపు తిప్పారు. నేనూ నవ్వాను.

ఇది ఎవరికైనా చెప్పాలి కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు వేయొద్దని పత్రికవాళ్లను అడిగాను.

నాన్న స్వీటు తెస్తానని లేచారు. "వద్దండీ, ఎదురింట్లో అలా ఉంటే బాగోదు" అని అమ్మ గొంతు తగ్గించింది. ఎదురు తలుపు తీసే ఉంది, లోపల దీపం కనిపిస్తోంది. అమ్మ మా తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, వంటింట్లోంచి గుప్పిట్లో పంచదార తెచ్చి నా నోట్లో పోసింది. నోరు ఎండిపోయి ఉంది. పలుకులు నాలుక మీద ఇసుకలా అలాగే ఉండిపోయాయి.