మా ఇల్లు సిక్కయిన వారం

తెరచాప పడవల్లో కాపురం పెట్టి, పిల్లాపాపలతో సముద్రాల మీద తిరిగే కుటుంబాల గురించి ఈమధ్య ఎక్కడో చదివాను. గిన్నెలు దొర్లకుండా కట్టుకోవడం, బిందెడు నీళ్ళతో రోజు గడపడం, ఊరు మారినప్పుడల్లా పిల్లల చదువు గురించి బెంగపడటం. చదువుతుంటే నవ్వొచ్చింది. కింద నీళ్ళు లేవన్న మాటేగానీ మేమూ అట్లాగే బతికాం. మా ఇల్లు ఒక రైలు పెట్టె.

డెబ్బైల చివరి సంగతి. మా బాపు రైల్వేలో వంతెనల గ్యాంగు మనిషి. గర్డర్లకు పట్టిన తుప్పు గీకి ఎర్ర రంగు పూయడం వాళ్ళ పని. ఒక వంతెన అయిపోగానే ఇంకో వంతెనకు పోవాలి కాబట్టి, పాత ప్రయాణికుల బోగీలనే వాళ్ళకు ఇళ్ళుగా ఇచ్చేవారు. క్యాంపు బోగీ అనేవాళ్ళం. మధ్యలో చెక్క అడ్డం కొట్టి, ఇటు మేం ముగ్గురం, అటు గ్యాంగు మేస్త్రీ కుటుంబం. ఆ ఏడు మూసీ మీది రైలు వంతెనకు రంగులేస్తున్నారు. మా బోగీని పాతబస్తీ చివర ఒక చిన్న స్టేషన్‌లో, ఎవరికీ అక్కరలేని పక్క లైను మీద పెట్టారు.

ఆ చోటు నాకు మస్తు నచ్చింది. పొద్దున మసీదు అజాన్‌కు మెలకువ వచ్చేది. మెట్లు దిగితే స్టేషన్ గేటు దగ్గర బార్కస్ తోటల జామకాయల తట్టలు. బోగీ కింద చక్రాల మధ్య మేస్త్రీ గారి కోళ్ళు. అమ్మ తులసి మొక్కను నూనె డబ్బాలో పెట్టి తలుపు పక్కన వేలాడదీసింది. అది మాతోపాటు ఎన్ని ఊళ్ళు తిరిగిందో!

ఒక్కటే చిక్కు. ఇంకో బండికి దారి ఇవ్వడానికి మా ఇంటిని ఎప్పుడు పడితే అప్పుడు జరిపేవారు. జరిపే ముందు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ వచ్చి జెండా కర్రతో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. ఆ చప్పుడు వినగానే అమ్మ పొయ్యి మీది అన్నం గిన్నెను గుడ్డలో పట్టుకుని నేల మీద చతికిలబడేది. నేను దండెం విప్పి, అద్దం తీసి పరుపులో దూర్చేదాన్ని. ఒకసారి నేను బడికి పోయినప్పుడు అమ్మ దండెం రెండో కొస వేపచెట్టుకే ఉందని మరిచిపోయింది. ఇల్లు ముందుకు, చీరలు వెనక్కి. ఇంకోసారి అఫ్జల్‌గంజ్ బజారుకు పోయి సామాన్ల సంచి మోసుకొచ్చేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి. అమ్మకు ముక్కు మీద కోపం. ప్లాట్‌ఫాం అదిరిపోయేలా పాయింట్స్‌మన్ మీద కేకేసింది.

"నా ఇల్లేడికి పోయింది భాయ్?"

"ఫికర్ మత్ కరో అమ్మా, మూడో లైను మీద ఉన్నది. నీ కూర గూడ సల్లారలే."

చదువు సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఏడో తరగతికి వచ్చేసరికి అది నాకు ఆరో బడి. ఎక్కడికి పోయినా "ఎన్ని రోజులుంటవ్?" అని అడిగి చివరి బెంచీ చూపించేవాళ్ళు. పాతబస్తీ బడిలో మా టీచరమ్మ ఆ ప్రశ్న అడగలేదు. ముందు బెంచీలో కూర్చోబెట్టింది. రెండు నెలలకే క్లాసు లీడర్ని చేసి, సుద్దముక్కల డబ్బా నా చేతికిచ్చింది. గర్వంతో నేల మీద నడిచానో లేదో గుర్తులేదు. ఏడోతరగతి పబ్లిక్ పరీక్ష రాసి, మంచి మార్కులతో పాసై, ఆమెకు చూపించాలని నాకు పట్టుదల.

పరీక్షలు సోమవారం మొదలవుతాయనగా, అంతకుముందు మంగళవారం నాడు ఆర్డరొచ్చింది. గురువారం పొద్దున గూడ్సుకు మా బోగీ తగిలించి మహబూబ్‌నగర్ వైపు పంపాలట. నా హాల్‌టికెట్ ఈ బడిది. బోగీ పోతే పరీక్ష పోయినట్టే, ఏడాది పోయినట్టే. ఊళ్ళో మాకు చుట్టాలెవరూ లేరు. వారం రోజులు ఎవరింట్లోనైనా ఉంటానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"ఈడొచ్చిన పిల్లవు. పరాయోళ్ళ ఇంట్ల ఎట్లుంచాలె?"

"గట్లయితే నేను సదువుకోనే వద్దా?" అని అరిచాను.

బాపు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయింది.

నాకు తెలిసిన ఉపాయం ఒకటే ఉంది. స్టేషన్‌లో బండ్లు పరీక్షించే ఎగ్జామినర్ సార్ ఒకాయన ఉండేవాడు. కోస్తా మనిషి. పొడుగాటి సుత్తితో ఒక్కో చక్రాన్ని కొట్టి చెవిపెట్టి వినేవాడు. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే పగులుంది. పాడైన డబ్బా మీద సుద్దతో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో 'సిక్' అని, అంటే జబ్బు చేసిందని, రాసేవాడు. ఆ మాట ఉన్న డబ్బాను ఏ గార్డూ బండికి తగిలించుకోడు. ఆయన వెనకాల తిరిగి తిరిగి నాకు ఆ అక్షరాల వంపులతో సహా తెలుసు. బుధవారం బడి నుంచి ఒక సుద్దముక్క తెచ్చి, ఎవరూ చూడకుండా మా ఇంటి మీద నేనే రాశాను. తప్పని తెలియక కాదు. తెలిసే రాశాను.

గురువారం పొద్దున అన్నీ కట్టేసుకుని నేల మీద కూర్చున్నాం. ఇంజను వెనక్కి వస్తున్న చప్పుడు. అంతలో గార్డు గొంతు.

"ఏంది లొల్లి? ఇది సిక్ ఉన్నది. నేను తీస్కపోను."

గూడ్సు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. నా ప్రాణం లేచివచ్చింది, కానీ ఆ సంబరం ఎంతోసేపు లేదు. ఎగ్జామినర్ సార్‌ను పిలిపించారు. మేస్త్రీ, పాయింట్స్‌మన్, బాపు అందరూ బోగీ చుట్టూ చేరారు. సార్ ఆ రాత దగ్గరికి వంగి చూశాడు.

"ఇది నేను రాయలేదే! ఎవరు రాశారిది? ఉద్యోగం ఊడే పనని తెలుసా?"

బాపు ఉద్యోగం సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది, ఎందుకంటే రెండూ ఒకటే. అమ్మ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. నా లంగా నిండా నిన్నటి సుద్దపొడి. నేనేనని చెప్పబోతుండగా బాపు ముందుకు కదిలాడు.

"నేనే రాసిన సార్."

మా బాపుకు చదువు రాదు. జీతాల రోజు వేలిముద్ర వేస్తాడు. అది అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, సార్‌కు కూడా. జీవితంలో అబద్ధం ఆడని మనిషి, ఆడక ఆడక ఎవరూ నమ్మలేని అబద్ధం ఆడాడు.

సార్ బాపు మొహం చూశాడు. తర్వాత నా లంగా చూశాడు.

"ఎందుకు రాశావయ్యా?"

"బిడ్డకు పరీక్ష ఉన్నది సార్. సోమవారం కెల్లి."

సార్ సుత్తి తీసుకుని ఎనిమిది చక్రాలూ కొట్టాడు. ఎనిమిదీ గంటల్లా మోగాయి. నాకు ఏడుపొచ్చింది. తర్వాత బోగీ కిందికి దూరి ఎంతసేపటికీ బయటికి రాలేదు. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చక్రాలకేం ఢోకా లేదు. ఇరుసు పెట్టెల్లో నూనె గుడ్డలు వచ్చే నెల మార్చాలి. వచ్చే నెల మార్చేవి ఇప్పుడు మారిస్తే తప్పేముంది? పది రోజులు పడుతుంది."

నా రాతను తన రుమాలుతో తుడిచి, అదే చోట తన చేత్తో మళ్ళీ రాశాడు. వెళ్తూ వెళ్తూ బాపు భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయయ్యా."

పరీక్ష రాశాను. బోగీ కింద మనుషులు నిజంగానే నూనె గుడ్డలు మారుస్తుంటే, పైన లెక్కలు చేసుకున్నాను. ఫలితాలు వచ్చేనాటికి మేం ఇంకో వంతెన దగ్గర ఉన్నాం. మార్కులు టీచరమ్మకు ఉత్తరంలో రాసి పంపాను.

కానీ నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ గురువారం సాయంత్రం. పొద్దుటి నుంచీ బాపు కొడతాడేమోనని అమ్మ చాటునే తిరిగాను. ఆయన స్నానం చేసి, గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు అట్లాగే ఉండగా వచ్చి మెట్టు మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"గింత మందిల నేనే రాసిన అని చెప్పిన గద బిడ్డా. రేపు ఎవరన్న రాసి చూపియ్యమంటే ఏం జెయ్యాలె?"

నా సంచిలో మిగిలిన సుద్దముక్క తెమ్మని తన చేతిలోకి తీసుకున్నాడు.

"పట్టు నా చెయ్యి. ఎట్ల రాసిన్నో నేర్పియ్."