బొంగరం ఒంటి మీద మచ్చలు

ఆయమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. స్కూల్లో చేరకముందు పన్నెండేళ్ళు ఆస్పత్రిలో గాయాలు కడిగింది. "తలుపు తగిలిందండీ" అని కట్టు కట్టించుకుని వెళ్ళిన ఆడవాళ్ళలో సగం మంది నెల తిరక్కుండా అదే తలుపు తగిలి మళ్ళీ వచ్చేవాళ్ళు. అప్పటినుంచి ఆవిడకి తలుపులంటేనే అనుమానం. "నీ ఎదురుగా తుమ్మాలన్నా సాక్షి కావాలే" అని మొగుడు నవ్వేవాడు.

స్కూల్లో ఆవిడ పని చిన్న తరగతుల పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం. ఆ ఏడాది రెండో తరగతిలో కొత్తగా చేరిన ఒక పిల్లకి ఆవిడే బొంగరం అని పేరు పెట్టింది. కూర్చోబెట్టిన చోట కూర్చోదు. పెన్సిలు ఒకచోట, చెప్పులు ఇంకోచోట మరిచిపోతుంది. అడిగిన దానికి సగం జవాబు చెప్పి, మిగతా సగం నోట్లో ఉండగానే కిటికీ దగ్గరికి పరిగెడుతుంది.

ఒక సోమవారం ఆ పిల్ల ఒంటి మీద నీళ్ళు ఒలకబోసుకుంటే గౌను మారుస్తూ ఆయమ్మ చూసింది. కాళ్ళ నిండా కమిలిన మచ్చలు. కొన్ని పచ్చబడినవి, కొన్ని అప్పుడే నీలం తిరిగినవి. తుంటి మీద ఒకటి. కుడి జబ్బ మీద మాత్రం వరసగా నాలుగు, చిన్నచిన్నవి.

"ఇవెలా తగిలాయే?"

"తెలీదు."

"ఇంట్లో ఎవరన్నా కొట్టారా?"

"తెలీదు. ఆయమ్మా, బల్లికి చెవులుంటాయా?"

మాట మార్చిందనుకుంది ఆయమ్మ. ఇలా మాట మార్చేవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది. ముందు అనుమానం తండ్రి మీదికి పోయింది. లారీ డ్రైవరు, వారానికోసారి ఆదివారం ఇంటికొస్తాడు. సోమవారం మచ్చలు. లెక్క సరిపోయింది. కానీ అతను పదిహేను రోజులు దూరం లోడుకి వెళ్ళినప్పుడు కూడా కొత్త మచ్చలొచ్చాయి. దాంతో అనుమానం తల్లి వైపు తిరిగింది. పొద్దున గేటు దగ్గర ఆ తల్లి పిల్ల చెయ్యి వదలకుండా పట్టుకునే తీరు కూడా ఇప్పుడు ఆయమ్మకి వేరేగా కనబడసాగింది.

హెడ్ మేడమ్‌కి చెబితే, "ఇంకొంచెం చూసి చెప్పు, తేలిగ్గా అనే మాట కాదిది" అంది. చూడటానికి ఆయమ్మకి దారి దొరికింది. ఒక సాయంత్రం బొంగరం మరిచిపోయిన నీళ్ళ సీసా పట్టుకుని వాళ్ళింటికి బయల్దేరింది.

రెండో అంతస్తు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల్నించి తల్లి గొంతు: "కూర్చో. ఒక్క లైను రాయి. ఒకటంటే ఒకటే." అంతలో దభీమని చప్పుడు. ఆయమ్మ తలుపు తట్టను కూడా తట్టకుండా తోసుకుని వెళ్ళింది.

స్టూలు తిరగబడి ఉంది. పిల్ల నేల మీద మోకాలు రుద్దుకుంటోంది. తల్లి బల్లకి అవతలి వైపు, చెయ్యి చాచినా అందనంత దూరంలో, పెన్సిలు పట్టుకుని కూర్చుని ఉంది. బల్ల నాలుగు మూలలకీ, మంచం కోడుకీ పాత గుడ్డలు చుట్టి తాడుతో కట్టి ఉన్నాయి.

తల్లి సీసా అందుకుంది. కూర్చోమనలేదు.

"వచ్చారుగా, అడుగుతాను. స్కూల్లో మా పిల్లని ఎవరు కొడుతున్నారు?"

తల్లి గోడ మీది క్యాలెండరు తీసి ముందు పెట్టింది. ఏ తేదీన ఒంట్లో ఎక్కడ కమిలిందో అన్నీ రాసి ఉన్నాయి. స్కూలు లేని సెలవు రోజులు కూడా ఖాళీగా లేవు. ఆ సంగతి ఇద్దరూ ఒకేసారి గమనించారు.

"కాళ్ళవి సరే, పడి తగిలినవే అనుకుందాం. జబ్బ మీదవో?" అంది ఆయమ్మ.

తల్లి చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టింది. తర్వాత, "అవి నా వేళ్ళవే" అంది. ఆవిడ చొక్కాల కంపెనీలో గుండీలు కుడుతుంది. పగలంతా కుట్టి వచ్చాక ఈ ఒక్క లైను రాయించడానికి రెండు గంటలు. "పట్టుకుంటే తప్ప కూర్చోదండీ. అంత గట్టిగా పట్టుకున్నానని పొద్దున స్నానం చేయిస్తుంటే గానీ తెలీలేదు."

"ఆస్పత్రిలో ఈ మాట చాలాసార్లు విన్నాను."

"అయితే నమ్మకండి. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పండి."

చెప్పింది. మర్నాడే ఒక్క ముక్క దాచకుండా హెడ్ మేడమ్‌కి చెప్పింది. మేడమ్ తల్లిని పిలిపించి, పిల్లల డాక్టరుకి చీటీ రాసిచ్చింది. తోడుగా ఆయమ్మని పంపింది. తల్లి ఏమన్నా దాచేస్తుందేమోనని, పంపకపోయినా ఆయమ్మ తనంతట తానే వెళ్ళేదే.

డాక్టరమ్మ గంటసేపు చూసింది. ఒంటికాలి మీద నిలబడమంది, బంతి పట్టుకోమంది, గుండీలు పెట్టుకోమంది, నాలుగు మాటలు చదవమంది. నిద్ర ఎలా పడుతుందని అడిగింది. గుండీ ఒక్కటీ పడలేదు. మధ్యలో వరండాలో పిల్లి అరిస్తే బొంగరం లేచి పరిగెత్తి, గుమ్మానికి భుజం ఠప్పున కొట్టుకుంది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆయమ్మ కళ్ళారా చూసింది.

"ధ్యాస నిలవకపోవడం ఒక్కటే కాదమ్మా. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఒంటి మీద అదుపు తక్కువగా ఉంటుంది. కొందరికి చదవడం కష్టం, కొందరికి నిద్ర పట్టదు. మీ పాపకి ఈ మూడూ ఒకేసారి ఉన్నట్టున్నాయి. ఇది మొండితనం కాదు" అంది డాక్టరమ్మ.

"మరి ఆ వేళ్ళ గుర్తులో?" అంది ఆయమ్మ.

డాక్టరమ్మ తల్లి వైపు తిరిగింది. "అది పాప జబ్బు కాదు. అది ఆగాలి."

"ఆగుతుంది" అంది తల్లి, తలెత్తకుండా.

అయిదు నిమిషాలు రాయించి అయిదు నిమిషాలు వదిలెయ్యమన్నారు. చేతులకి కసరత్తు నేర్పే మనిషి దగ్గరికి వారానికోసారి తీసుకురమ్మన్నారు. క్లాసులో ముందు బల్ల, తక్కువ రాత. మందు సంగతి తర్వాత చూద్దామన్నారు. మందు అనగానే, "మత్తుగా పడి ఉంటుందా?" అని తల్లీ ఆయమ్మా ఒకేసారి అడిగారు. ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డది ఆ ఒక్క విషయంలోనే.

లారీ డ్రైవరు డాక్టరు కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడట. "చిన్నప్పుడు బళ్ళో నా వీపు మీద బెత్తాలు విరిగింది కూడా ఇందుకేనా" అన్నాడట.

ఏడాది తిరిగింది. బొంగరానికి పై రెండు గుండీలు పడుతున్నాయి. చదవడం ఇంకా కుంటుతూనే ఉంది. రాత్రిళ్ళు కాస్త నిద్రపోతోంది. కాళ్ళ మీద మచ్చలు వస్తూనే ఉన్నాయి. జబ్బ మీదవి మళ్ళీ కనబడలేదు. అయినా ఆయమ్మ ప్రతివారం చూస్తూనే ఉంది. ఆ సంగతి తల్లికీ తెలుసు.

"ఇంకా నా మీద నమ్మకం కుదరలేదా?" అని ఒకరోజు గేటు దగ్గర అడిగింది.

"లేదమ్మా."

"నాకూ మీ స్కూలు మీద లేదు" అంది తల్లి. కోపంగా అనలేదు. పిల్ల సంచీ ఆయమ్మ చేతికిచ్చి, కంపెనీ బస్సు కోసం గబగబా నడిచింది.