కొత్త సామలు

ఏటా సామపంట ఇంటికి రాగానే గాసి తొలి గుప్పెడు గింజలు అడ్డాకులో పొట్లం కట్టుకుని, కొండ దిగి, సీలేరు ఒడ్డునున్న పాత శివాలయానికి నడుస్తాడు. ఏట్లో కాళ్లు కడుక్కుంటాడు. నల్లబడ్డ రాతిగడప మీద గింజలు పోసి, మోకాళ్లు పట్టుకుని లేస్తాడు. దేవుడు తిన్నాకే ఇంట్లో కొత్త సామలు ఉడకాలి. అది తాతలనాటి కట్టు.

తొంభయ్యెనిమిదిలో మైదానం నుంచి వచ్చిన కొత్త పూజారి ఆ గింజల్ని చీపురుతో ఊడ్చేశాడు.

"చీమలు పడతాయి. కొబ్బరికాయ తెచ్చుకో," అన్నాడు మామూలుగానే.

"కొండమీద కొబ్బరి కాయదు గదా బాబూ!"

పూజారి అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. గాసి మట్టిలోంచి గింజలు ఏరుకుని కొండెక్కాడు.

"దేవుడు తిన్నాడేటి?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది భార్య రత్న.

గాసి పొట్లాన్ని చూరులో దోపాడు. ఆమె ఎసరు దింపేసింది.

గాదె నిండా సామలున్నా, ఆ ఏడాదంతా ఆ ఇంట్లో కోటా బియ్యమే ఉడికింది.