గున్న నాలుక

స్పానరక్క చేతులు రెండూ గున్న కడుపు కింద ఉన్నాయి. చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ కొసనున్న కన్నంలో ఉంగరంలాంటి కొత్త ఇత్తడి బుష్షు కూర్చుంటోంది. చెక్క సుత్తితో ఒక దెబ్బ, వేలితో ఒక తడుము, మళ్లీ ఒక దెబ్బ. చుట్టూ ఎక్కడా సందు లేదని వేళ్లకు నమ్మకం కుదిరాక గ్రీజు పులిమి, కడ్డీని చక్రం పిన్నుకు ఎక్కించి నట్టు బిగించింది. షెడ్డు తలుపుల్లోంచి పొద్దుటి మంచు లోపలికి పాకుతోంది. ఇంజను సగమే కనబడుతోంది. మిగతా సగం ఇంకా నిద్ర లేవనట్టుంది.

గున్న ఊళ్లు దాటే రైలింజను కాదు. యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ తోసే చిన్న డీజిలు ఇంజను. ముందు పొడవాటి ముక్కు, అందులో ఆరు సిలిండర్లు. వెనక డ్రైవరు గది, గది కింద అడ్డంగా ఒక ఇరుసు. బలం ముందు ఆ ఇరుసుకు వస్తుంది, అక్కణ్ణుంచి కడ్డీలు మూడు జతల చక్రాలకూ పంచుతాయి. పరుగు దానికి చేతకాదు. పట్టు కోసమని, కట్టినవాళ్లు ఫ్రేము నిండా ఇనుప దిమ్మలు కూరారు. తల వంచి ఏనుగు పిల్లలా తోస్తుంది కనక ఆ పేరు వచ్చింది.

ఇప్పుడా ముక్కు మీద సుద్దగీతలున్నాయి. పాత ఇనుము కొనే ఆసామి నిన్న వచ్చి ఎక్కడెక్కడ కోయాలో గీసి వెళ్లాడు. యార్డుకు పెద్ద ఇంజన్లు వచ్చాయి, గున్నతో పని తీరింది. పక్కనే ఉన్న గాజు ఫ్యాక్టరీ మాత్రం, తమ పరీక్షలో నెగ్గితే ఇంజనునూ డ్రైవరునూ కలిపి తీసుకుంటామంది. నెగ్గకపోతే సుద్దగీతల వెంట గ్యాసు మంట నడుస్తుంది. ఆ డ్రైవరు స్పానరక్క అక్కకు మొగుడు.

"ఏం మరదలా, పెళ్లికూతురు ముస్తాబయిందా?" అంటూ బావ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడో అయింది. పెళ్లికొడుకే గడ్డం గీసుకోలేదు."

"మీ అక్క అద్దం ముందు నుంచి లేస్తే కదా!"

ఆమె నవ్వి, చేతులు కిరసనాయిలులో ముంచింది. నూనె కరిగి రంగురంగులుగా తేలుతుంటే అందులో ఎప్పటివో బొమ్మలు కదిలాయి. గున్న మొదట ఓడరేవులో పని చేసింది. అక్కడి పట్టాలు గోదాముల మధ్య మరీ ఒంపులు తిరుగుతాయని దాన్ని అంత పొట్టిగా కట్టారు. ఉప్పుగాలికి తలుపులు తుప్పు పట్టాక ఈ యార్డుకు పంపారు. దించిన రోజు నాన్న ఆమెను భుజాన కూర్చోబెట్టుకుని చూపించాడు. ఆయన ఇక్కడ ఫిట్టరు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, చెక్క పిడి కూతురి చెవికి పెట్టి, "ఏమంటోంది?" అని అడిగేవాడు. బడిలో పాఠాలు ఆమెకు ఒంటబట్టలేదు గానీ ఆ పిడిలోంచి వచ్చిన మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. నాన్న పోయాక ఆయన స్పానర్లూ, వాటితోపాటు ఈ పేరూ ఆమెకు మిగిలాయి. రంగులు మారాయి, నంబరు మారింది, ఒకసారి ముక్కులోని డీజిలు మోటారే మారింది. ఒకటి మాత్రం మారలేదు. అరిగిన కడ్డీ బుష్షు చక్రం తిరిగినప్పుడల్లా టక్కుమనేది. ఆ సైజు బుష్షు ఎక్కడా దొరకలేదు. నాన్నకు తీరని కోరిక అదే. ఆమె పాత ఇత్తడి దిమ్మ సంపాదించి, లేతు మిషను మీద తనే తరిగి, ఇవాళ ఆ టక్కును మాన్పించింది.

గాజు ఫ్యాక్టరీ కోసం చీలిన సైడింగు పట్టా ప్రహరీ వెంట ఒంపు తిరిగి గేటు ముందుకు పోతుంది. చివర్లో జెండా ఊపే మనిషి డ్రైవరుకు కనబడకుండా గున్న ముక్కు చాటుకు మాయమైపోతాడు. ఆ చివర ఒక వ్యాగను నిలిపి, దాని నేల మీద ఫ్యాక్టరీ యార్డు మేనేజరు అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు పెట్టాడు.

"మావి అద్దాల పెట్టెలమ్మా. ముద్దు పెట్టినట్టు ఆనాలి. గుద్దితే నాకొద్దు."

"ముద్దుల సంగతి మా బావనడగండి సార్," అంది ఆమె ధీమాగా.

గున్న కదిలింది. కడ్డీలు నూనెలో ఈదుతున్నట్టు తిరిగాయి. టక్కు లేదు. ఆమెకు ఒళ్లు తేలికైపోయింది, నాన్న వింటున్నాడా అనుకుంది. జెండా మనిషి చాటైపోయాడు. గున్న ఆగాల్సిన చోట ఆగలేదు. ధన్‌మని తగిలింది. గ్లాసు పడి దొర్లింది.

మేనేజరు తడిసిన నేలకేసి చూశాడు. "మధ్యాహ్నం ఇంకోసారి చూస్తాను. అంతే," అని వెళ్లిపోయాడు.

బావ మెట్టు మీద కూలబడ్డాడు. "ఏం చేశావే దీనికి? మూగదైపోయింది. కళ్లకు గంతలు కట్టి తోలినట్టుంది."

"బంగారంలా చేశాను. బ్రేకు వెయ్యడం మరిచిపోయి నన్నంటావేంటి?"

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా మరిచిపోయానా?"

ఎప్పుడూ మరిచిపోలేదు. అదే ఆమెకు గుచ్చుకుంది. "మళ్లీ తోలు. నేనూ ఎక్కుతాను," అంది.

ఖాళీ పట్టాల మీద గున్న మెల్లగా సాగింది. కిటికీలోంచి ఎండ వచ్చి డ్రైవరు గదిలో దుమ్మును బంగారు పొడిలా లేపుతోంది. ఆమె లివర్ల వైపు చూడలేదు, బావ కాళ్లు చూసింది. కుడికాలు మడమ ఆనించి, ముందుపాదం పైకి లేపి పెట్టాడు. అది కిందికి దిగడం లేదు. ఎవరో పిలుస్తారని చెవి ఒగ్గినట్టు గాల్లోనే ఉండిపోయింది.

అక్క ఎన్నిసార్లు తిట్టుకుందో ఆమెకు గుర్తొచ్చింది. "మీ బావ నిద్రలో కూడా కాలు కొడతాడే. నా పిక్కలు వాచిపోతున్నాయి!"

"బావా, చివర్లో జెండా కనబడనప్పుడు ఎంత దూరం ఉందో నీకెలా తెలిసేది?"

"ఏమో. తెలిసేది. ఇంకొంచెం, ఇంకొంచెం, ఇక చాలు అనిపించేది."

"అనిపించడం కాదు, నీ కాలు లెక్కపెట్టేది. చక్రం చుట్టుకొక టక్కు, టక్కుకొక తాళం. నేను దాని నోరు కుట్టేశాను."

బావ తన పాదాన్నే కొత్తగా చూసుకున్నాడు. "అయితే ఆ పాత బుష్షే వేసెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"అరిగిన ముక్క నా చేత్తో మళ్లీ వెయ్యను. కడ్డీ విరిగి పడితే నీ కాళ్లే పోతాయి."

షెడ్డులో గున్న వెచ్చటి ముక్కుకు వీపు ఆనించి కూర్చుని ఆమె కళ్లు మూసుకుంది. లోపల చల్లారుతున్న ఇనుము చిన్నగా చిటచిటలాడుతోంది. కునుకులాంటి దాంట్లో ఓడరేవు కనబడింది. నీళ్ల మీద పొగ, పొగలో గున్న, దాని వెంట టక్కు టక్కుమంటూ నడిచి వచ్చే నాన్న చెప్పులు. ఆ చప్పుడు ఇనుప ముక్కది కాదు, ఎవరో ఒకరు పక్కన ఉన్నారని చెప్పేది. చెప్పడానికి అరుగుదల ఎందుకు, నాలుక ఉంటే చాలదా?

కళ్లు తెరిచింది. మూలన పడున్న పాత రంపం బ్లేడు తీసి, ముక్క కోసి, పళ్లు అరగదీసింది. కాల్చి, కొస కొద్దిగా వంచి, నూనెలో ముంచింది. వేలితో మీటితే టింగుమంది. డ్రైవరు గది నేలరేకు కింద, బావ కుడికాలు ఉండే చోటికి సరిగ్గా, దాన్ని రెండు బోల్టులతో బిగించింది. కడ్డీలను తిప్పే ఇరుసు అక్కడే ఉంది, చక్రాలతో సమంగా తిరిగేది. ఇరుసు చుట్టూ బిగించిన పట్టీ మీదున్న స్క్రూ తల చుట్టుకోసారి వచ్చి ఆ నాలుకను తాకేలా చూసింది. గట్టిగా తాకితే విరుగుతుంది, పైపైన తాకితే పలకదు. కాగితం మందం తేడా కోసం బోల్టు విప్పింది, బిగించింది, మళ్లీ విప్పింది.

"ఇప్పుడు తోలు."

టిక్. టిక్. బావ ముక్కు చిట్లించాడు. "ఇది దాని గొంతు కాదే."

"గొంతు మారింది, మాట అదే. కాలిని విననివ్వు, నీ బుర్రను మధ్యలోకి రానివ్వకు."

రెండుసార్లు ఖాళీ పట్టాల మీద తిరిగారు. మూడోసారి ఆమె చూస్తుండగా పాదం తనంతట తాను నేలకు దిగింది.

ఎండ మెత్తబడ్డాక మేనేజరు గ్లాసు మళ్లీ నింపాడు. ఈసారి ఆమె ఏమీ జోకులెయ్యలేదు. గున్న ఒంపు తిరిగింది, జెండా చాటైంది. పట్టాల పక్క నిలబడి ఆమె ఇంజను వైపు చూడకుండా ఆ చప్పుడే విన్నది. టిక్. టిక్. మధ్య ఎడం సాగుతూ వచ్చింది, ఊయల ఆగబోయే ముందులా. ఇంకొంచెం. ఇంకొంచెం. ఇక చాలు.

వ్యాగను నిట్టూర్చినట్టు కదిలింది. గ్లాసులో నీళ్లు అంచుదాకా పోయి, అక్కడ వణికి, వెనక్కి తగ్గాయి.

మేనేజరు వంగి నేల తడిమి చూశాడు. పొడిగా ఉంది. "ఆ టిక్కుటిక్కు ఏంటమ్మా? ఏదైనా వదులైందా?"

"కాదు సార్, నేనే పెట్టాను. దూరం చెబుతుంది." రేకు ఎత్తి చూపించింది. ఆయన వేలితో ఒకసారి మీటి, తల ఊపి, ఇంజను తాళాలకు చెయ్యి చాచాడు.

ఆమె ముందుగా గుడ్డ తడిపి సుద్దగీతలు తుడిచింది. తాళాలు ఆయనకిచ్చింది. తర్వాత గుడ్డలో చుట్టిన మరో రెండు నాలుకలు బావ చొక్కా జేబులో పెట్టింది.

"అరిగితే మార్చుకో. బోల్టు మరీ బిగించకు."

"రాత్రిళ్లు మీ అక్క పిక్కల గతేంటి మరి?"

"దానికి నా దగ్గర బుష్షు లేదు," అంటూ ఆమె స్పానర్ల సంచీ భుజాన వేసుకుంది. ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది, గున్న టిక్కుటిక్కుమంటూ లోపలికి వెళ్లింది.