చెప్పులు తడిమే సిస్టరమ్మ

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

బోధన్ చెరకు తోటల అవతల కుష్ఠు దవాఖానలో పనిచేసే కేరళ సిస్టరమ్మకూ ఒక జబ్బుండేది. ఎవరి చెప్పులు కనబడినా చేత్తో తడిమేది. స్పర్శ లేని రోగులకు మేకు దిగినా తెలియదు కదా, అక్కడ పట్టుకున్న అలవాటు. మా చెల్లెలి పెళ్లికి పిలిస్తే, పందిరి బయటున్న మూడు వేల జతలూ తడిమి బండెడు ముళ్లు ఏరింది.

"ఇల్లు, పెండ్లి అన్నీ ఇడిసి గీ పనికెందుకొచ్చినవమ్మా?" అని అడిగింది మా అమ్మ.

"యేసయ్య పిలిచిండు, వచ్చిన," అంటూ ఇంకో చెప్పు అందుకుంది.

అది మా అక్కది. అందులో మేకు, మేకు చుట్టూ తడి నెత్తురు. అక్క కాలికి పారాణి ఉండటంతో ఎవరికీ కనబడలేదు.

"బిడ్డా, నొప్పి పెట్టలేదా?"

"లేదు సిస్టరమ్మా," అని అక్క నవ్వింది.

సిస్టరమ్మ నవ్వలేదు. సంగతి మా అందరికీ అర్థమైంది. అక్క చుట్టూ పందిరి ఖాళీ అయింది.

"ఇగ నేనీమెను ఇంటికి తోల్కపోను," అన్నాడు బావ.

సిస్టరమ్మ నేలమీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. "మందుంది, నయమైతది. పదేండ్ల సంది ముట్టుకుంటున్న, నాకేమైంది పటేలా?"

నేను ఉరికి అక్కను భుజానేసుకుని దవాఖానకు మోసుకెళ్లాను. మూడేళ్లకు నయమయ్యాక బావే వచ్చి తీసుకెళ్లాడు.

చెప్పులు ముప్పై జతలే, పోనివ్వండి. అసలు కల్పించింది ఒకటే. ఆ రోజు అందరికన్నా ముందు వెనక్కి జరిగింది నేను. అక్కను మోసింది సిస్టరమ్మ.