ఆండాలు మెడలో పచ్చి కొమ్ము

కంచన్‌బాగ్ దారిలోని ఆ పరిశోధన కేంద్రంలో రుక్మాబాయి ఉద్యోగం ఆయా. ఆమె లెక్కలో మాత్రం కోట దర్వాజా కాపలా. లోపలున్న అయస్కాంతం మిషను ఇనుమును చూస్తే ఊరుకోదు కాబట్టి, పరీక్షకొచ్చే ఆడవాళ్ల ఒంటి మీద లోహం ముక్కన్నది మిగలకుండా తీయించే పని ఆమెది. జడలో క్లిప్పు, రవికె హుక్కు, బొడ్లో దోపుకున్న తాళంచెవి, ఏదీ ఆమె కన్ను దాటేది కాదు. గౌలిపురా గల్లీలో ఆమె ఎదురొస్తే జనం ఊరికే జేబులు తడుముకునేవాళ్లు.

చిక్కల్లా పుస్తెలతాడుతోనే. దానికి గుత్తెడు పిన్నీసులు తగిలించుకోని ఇల్లాలు పాతబస్తీలో అరుదు. తీయమంటే కళ్లనీళ్లు. పుస్తెలు తీసినప్పుడు మెడ బోసిపోకుండా పసుపుకొమ్ము కట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే కదా అని, రుక్మాబాయి ఎండు కొమ్ములకు పసుపుదారం చుట్టి డబ్బాలో ఉంచుకుంది. ఏడుపులు ఆగాయి. ఇనుము కాదు గదా అని డాక్టర్లకు చెప్పనూ లేదు. అయితే ఆ కొమ్ము ఎవరికీ తను కట్టేది కాదు. చేతిలో పెట్టి పక్కకు తిరిగేది. మొగుడు పోయినదాని చెయ్యి మరొకరి మెడ మీద పసుపు ముడి వేయకూడదని ఆమె భయం.

రెండువేల నాలుగులో ఆండాలుకు రొమ్ములో గడ్డ తేలింది. ఆండాలు వాళ్లది గౌలిపురాలో బర్రెలున్న ఇల్లు, రుక్మాబాయి గోడ పక్కనే. ఆమెను ఈ పరిశోధనలో చేర్పించింది రుక్మాబాయే. "సూది లేదు, కోత లేదు. బోర్ల పండుకుంటే చాలు. గడ్డ లోపల ఏం వండుకుంటున్నదో మిషన్ల గీతలు పడతయ్" అని చెప్పింది. వంశీధర్ డాక్టరు చెప్పినదాన్ని ఆమె వంటింటి భాషలోకి దించిన తీరు అది. కోలీన్ అనే పదార్థం గీత నిటారుగా లేస్తే గడ్డ మంచి జోరు మీద ఉన్నట్టు, మందు పడ్డాక ఆ గీత కుంగితే మందు పట్టినట్టు. మొదటిసారి గీత తాటిచెట్టంత లేచింది. మందు మొదలుపెట్టారు. ఆండాలు జుట్టంతా రాలింది. మందు పట్టిందో లేదో చూడటానికి రెండో పరీక్ష పెట్టారు.

ఆ పొద్దున రుక్మాబాయి డబ్బాలో చెయ్యి పెట్టలేదు. పక్కింటిదానికి అందరికిచ్చిన ఎండు కొమ్మేమిటని మీరాలం మండీ నుంచి పచ్చి కొమ్ము తెచ్చింది. బొటనవేలంత లావు, పక్కన చిన్న పిలక, విరిస్తే చెమ్మ.

"నువ్వే కట్టక్కా."

"నేను కట్టొద్దే. నీకెరకలేదా?"

"నాకన్నీ ఎరకే. ఎంట్రుకలు పోయినయ్, సిగ్గు పోయింది, ఇంక నీ చెయ్యి నన్నేం జేస్తది? కట్టు, లొల్లి చెయ్యకు."

రుక్మాబాయి కట్టింది.

సాయంత్రం డాక్టరు ముఖం ముడుచుకుని బయటికొచ్చాడు. గడ్డ పక్కన, చర్మానికి ఆనుకుని, కొత్తగా ఇంకోటి మెరుస్తోందన్నాడు. గీతలు కూడా తిన్నగా రాలేదట. "మందు పని చేస్తున్నట్టు లేదమ్మా. ఆపేసి ఆపరేషన్ గురించి ఆలోచించాలి. సోమవారం కూర్చుని నిర్ణయిద్దాం."

ఆ రెండు రోజులూ గోడ అవతల ఆండాలు ఏడుపు రుక్మాబాయికి వినబడుతూనే ఉంది. ఈమె అన్నం ముందు కూర్చుని తన కుడిచెయ్యి వైపు చూసుకునేది. ఇదే కట్టింది. ఇదే చేసింది. ఆ చేత్తో తినబుద్ధి కాక ఎడమచేత్తో తినబోయి పప్పంతా చీర మీద పోసుకుంది. దుఃఖంలోనూ మనిషికి ఇలాంటి తద్దినాలు తప్పవు.

సోమవారం చాయ్ ఇవ్వడానికి డాక్టరు గదిలోకి వెళ్లినప్పుడు తెర మీద ఆండాలు బొమ్మ ఉంది. నల్లటి గుండ్రం పక్కన తెల్లగా ఒక మచ్చ. బొటనవేలంత లావు. పక్కన చిన్న పిలక.

చాయ్ కప్పు బల్ల మీద పెట్టింది. కాళ్లు తలుపు వైపే లాగాయి. చెబితే కొలువు పోవచ్చు. చెప్పకపోతే ఆండాలుకు పడుతున్న మందు ఆగుతుంది.

"సార్, గది గడ్డ కాదు."

"ఏమిటి?"

"పసుపుకొమ్ము సార్. పచ్చిది. నేనే కట్టిన."

వంశీధర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మెడలోనా? అది జారి రొమ్ము పక్కన ఇరుక్కుందన్నమాట. తడి ఉన్నదేదైనా ఇందులో వెలుగుతుందమ్మా! ఇన్నాళ్లూ ఎంతమందికి కట్టావు?"

"కట్టలే సార్, అందరికీ చేతిల పెట్టిన. గవి ఎండువి. ఆండాలుకే మంచిది తెచ్చిన."

ఆయనకు నవ్వాలో తిట్టాలో తెలియక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత తిట్టాడు కూడా, బాగానే. ఆండాలును మళ్లీ పిలిపించారు. ఈసారి మెడలో దారప్పోగు కూడా లేదు. మచ్చ లేదు. కోలీన్ గీత మొదటిదానిలో సగానికి కుంగింది. మందు పట్టింది, కొనసాగించమన్నారు.

రుక్మాబాయి కొలువు నిలిచింది. ఆండాలుకు మాత్రం "మొన్నటి బొమ్మ సరిగా రాలేదు" అని డాక్టరు క్లుప్తంగా చెప్పి ఊరుకున్నాడు. రుక్మాబాయి ఆ మాట చాటున దాక్కుంది. హాయిగా అనిపించింది, ఒక్క పూట.

మర్నాడు వెళ్లేసరికి ఆండాలు దేవుడి అరలో ఆ వాడిన కొమ్ముకు కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"అక్కా, కొత్త గడ్డ మాయమైంది జూసినవా? డాక్టర్లేమన్న అననీ. నీ చేత్తో కట్టిన కొమ్మే మింగింది దాన్ని. నీ చెయ్యి మంచిది గాదన్నోళ్ల నోట్ల మన్ను!"

ఇన్నేళ్లలో తన చేతిని మెచ్చుకున్నది ఆండాలొక్కతే. అదీ అబద్ధం మీద. రుక్మాబాయి నేల మీద కూలబడి మొత్తం చెప్పేసింది, ఆ కొమ్మే డాక్టరుకు కొత్త గడ్డలా కనబడిందని, ఆ రెండు రోజుల ఏడుపూ తన ప్రేమ వల్లేనని.

ఆండాలు ముఖం అటు తిప్పుకుంది. తర్వాత మెల్లగా అంది. "నేను పోతే బర్రెలకు ఎవలు దాణా పెడ్తరని ఆయనకు జెప్పుకుంట ఏడ్చిన. నా పోరిని ఎవలింట్ల ఇడవాల్నో గూడ ఆలోచించిన. నువ్వు గోడ అవతల ఇన్నవా?"

"ఇన్న."

"ఒక్కపారి తలుపు కొట్టకపోతివి?"

"నా చెయ్యే చేసిందనుకున్ననే. ఏ ముఖం పెట్టుకొని వస్త?"

"కొమ్ముదేముంది, ఎవలకైన పొరపాటైతది. ఏడుస్తుంటే రాలేదు జూడు, గది నాకు కాల్తున్నది."

రుక్మాబాయి లేచి, వెళ్లడమా ఉండటమా తేల్చుకోలేక చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ గడపలో నిలబడింది. లోపల పొయ్యి మీద పాలు చిర్రుమన్నాయి.

"ఏం జూస్తున్నవ్? పొంగుతున్నయ్, దించు" అని కసిరింది ఆండాలు, ఇంకా ముఖం తిప్పుకునే.