సర్వర్ ఒప్పుకోని స్కాన్

2023 జూలై. మంచిర్యాల స్టేషన్‌కు దగ్గరలో ఒక స్కానింగ్ సెంటర్. ఒక ఆఫీసులో లెక్కలు చూసి రిటైరయ్యాక అక్కడ రికార్డుల పనికి చేరాను. అప్పటికి నాకు అరవై ఆరేళ్లు. ఇక్కడ తీసిన స్కాన్‌లను హైదరాబాద్‌లోని డాక్టరుకు పంపడం నా పని. ఆయన చూసి రిపోర్టు చెబుతారు.

పంపడమంటే స్కాన్‌ను క్లౌడ్‌లో, అంటే మేము అద్దెకు వాడుకునే దూరపు కంప్యూటర్లో పెట్టడం. అందుకు కమాండ్ లైన్ అనే నల్ల తెర మీద ఒక వాక్యం టైపు చేయాలి. ప్రతి అభ్యర్థనకూ సిగ్నేచర్ ఉండాలి. అది చేతి సంతకం కాదు. మాకిచ్చిన రహస్య కీ, పంపే విషయం, అప్పటి టైము కలిపి కంప్యూటర్ కట్టే లెక్క. అవతలి సర్వర్ కూడా అదే లెక్క కడుతుంది. రెండూ కలిస్తే తీసుకుంటుంది, లేకుంటే 403 అని తిప్పి పంపుతుంది.

ఆ మధ్యాహ్నం నస్పూర్ నుంచి రాజయ్య అనే గని కార్మికుడు భార్య లక్ష్మిని తీసుకొచ్చాడు. మెట్ల మీద జారి పడింది. తలకు దెబ్బ, మాట తడబడుతోంది. సీటీ స్కాన్ తీశారు. లోపల రక్తం కారుతుంటే వెంటనే కరీంనగర్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలి. లేకుంటే ఇక్కడే ఉంచవచ్చు. ఏదన్నది రిపోర్టే చెప్పాలి.

ఆ రోజు పంపే మొదటి స్కాన్ అదే. కమాండ్ కొట్టాను. 403. మళ్లీ కొట్టాను. అదే.

"పోయిందా అమ్మా?" అన్నాడు రాజయ్య.

"పోలే. జర ఆగు నాయినా."

"ఫోన్ల ఫోటో తీసి పంపరాదుండ్రి?"

"ఫోటో జూసి చెప్పనన్నడు డాక్టర్. అసలు స్కానే కావాలంటుండు."

ఇంటర్నెట్ ఉంది. మెయిళ్లు వస్తున్నాయి. కీలో ఒక్కో అక్షరం వేలు పెట్టి చూశాను, తప్పు లేదు. సుల్తానాబాద్ బ్రాంచిలో ఇదే పని చేసే రజితకు ఫోన్ చేసి, అదే కీతో ఏదో ఒక ఫైలు పంపి చూడమన్నాను.

"మంచిగనే పోయింది మేడం."

"అదే కీయేనా?"

"అదే. మీ మీదనే అలిగినట్టుంది!"

నాకు నవ్వు రాలేదు. లక్ష్మి స్కాన్ మా కంప్యూటర్లో ఉంది. మెయిల్లో పట్టనంత పెద్దది. పెన్‌డ్రైవ్‌లో సుల్తానాబాద్ చేర్చాలంటే గంట పైనే పడుతుంది. సిగ్నేచర్లో టైము కూడా ఉంటుంది కదా అని అదీ చూశాను. తెర మీది టైము, గోడ గడియారం ఒక్కటే చూపిస్తున్నాయి. ఒకే కీ అక్కడ చెల్లి ఇక్కడ చెల్లకపోవడమేమిటి?

"అమ్మా, పిలిస్తే పలుకుతలేదు. కండ్లు మూస్తుంది," అన్నాడు రాజయ్య.

జవాబు మొత్తం చూపించమనే గుర్తు చేర్చి మళ్లీ కొట్టాను. 403తో పాటు సర్వర్ తన టైము కూడా రాసింది, గ్రీన్విచ్ లెక్కలో. అయిదున్నర గంటలు కలిపితే మన టైము. కలిపాను. రెండు నలభై. నమ్మకం చాలక మళ్లీ కలిపాను. రెండు నలభయ్యే. మా తెర మీద మూడు గంటలు.

"షమీమ్, గీ కంప్యూటర్ల టైము ఎవలు మార్చిన్రు?"

షమీమ్ ఆ వారమే చేరిన మా రిసెప్షనిస్టు. "నేనే పెద్దమ్మా, పొద్దుగాల సక్కగ చేసిన. గోడ మీద ఒకటి, కంప్యూటర్ల అచ్చయ్యే చీటీల మీద ఒకటి టైము ఉంటుందని పేషెంట్లు లొల్లి చేస్తుండ్రు."

అప్పుడు అర్థమైంది. రక్తం శాంపిళ్ల డబ్బా రైలుకు అందదేమోనన్న భయంతో మా సెంటర్లో గోడ గడియారాన్ని కావాలనే ఇరవై నిమిషాలు ముందు పెడతారు. దాన్ని చూసినప్పుడల్లా పాతవాళ్లందరమూ మనసులో ఇరవై తీసేసుకుంటాం. ఆ కంగారులో నేనది మరిచాను, కంప్యూటర్‌కు ఆ తీసివేత అసలే తెలియదు. పాత సిగ్నేచర్‌ను దొంగిలించి ఎవరూ వాడకూడదని, పావుగంటకు మించి తేడా ఉంటే సర్వర్ ఒప్పుకోదు.

టైము సరిచేసి కొట్టాను. ఈసారి 200 వచ్చింది, అంటే తీసుకున్నట్టు. కాసేపటికి డాక్టరు ఫోన్ చేశారు. లోపల రక్తం గడ్డకట్టింది, వెంటనే కరీంనగర్ తీసుకెళ్లమన్నారు. అంబులెన్స్ వెళ్లిపోయాక షమీమ్ నా పక్కన కూలబడింది.

"నా వల్లనేనా పెద్దమ్మా?"

"ఫికర్ చెయ్యకు. లొల్లి లేకుండ చేద్దామనే గద నీ తాపత్రయం," అన్నాను.

ఆనాటి నుంచి 403 వస్తే కీ కన్నా ముందు టైము చూస్తాను, అదీ మా గదిలోని గడియారంతో కాదు. రెండు ఒకదానితో ఒకటి సరిపోయినంత మాత్రాన రెండూ సరైనవి కావు. ఇన్నేళ్లు లెక్కలు చూసీ ఈ మాట నాకు ఆ రోజే తెలిసింది.

దసరాకు ముందు లక్ష్మి మళ్లీ స్కాన్‌కు వచ్చింది. తన కాళ్ల మీద నడిచి వచ్చి, పేరు తానే స్పష్టంగా చెప్పింది. గోడ గడియారం అప్పటికీ ఇరవై నిమిషాలు ముందే ఉంది. రాజయ్య దాన్ని చూశాడు, తన ఫోన్ చూసుకున్నాడు, నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇయ్యాల కంప్యూటర్ ఎవల టైము మీద నడుస్తుంది?"

"సర్వర్ టైము మీదనే."

"అయితే తియ్యుండ్రి," అన్నాడు.